డేటాబేసు కలిపిన వరస

ఆ రోజుల్లో నాకు ఆత్మకూరు బస్టాండు పేరు చెబితే ఏడుపొచ్చేది. ఇప్పటి పిల్లలు ఇంట్లో మంచం మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎక్కడో ఉన్న కంప్యూటర్ని ఇక్కణ్ణుంచే బాగుచేస్తుంటే చూసి మురిసిపోతాను గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో (మరీ తాతల కాలం కాదు లెండి, నా జుట్టు తొందరపడి నెరిసింది గాని వయసేమంత లేదు) ప్రోగ్రాంలో ఒక కామా మార్చాలన్నా బస్సెక్కి ఉదయగిరి దాకా పోవాల్సి వచ్చేది. మా అవ్వ మర్రిపాడు వీధిలో ప్రతివాళ్లకీ "మా వాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు" అని చెప్పుకునేది. ఆ ఇంజనీరు వారంలో సగం రోజులు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే పనిలో ఉండేవాడని ఆమెకు తెలియదు. ఒళ్లు అలిసిపోతే నిద్రతో తీరుతుంది. నాకు పట్టిన అలసట వేరు, నిద్ర లేచేసరికే అది నాకంటే ముందు లేచి కూర్చుని ఉండేది.

నేను పనిచేసింది ఆత్మకూరులో ఒక పెళ్లి సంబంధాల ఆఫీసులో. యజమానిని అందరూ షావుకారు అనేవాళ్లు, నేను షావుకారన్నా అనేవాణ్ణి. వాళ్లది తరాల నుంచి హోల్‌సేల్ సరుకుల వ్యాపారం. మూటలు కట్టించుకోవడానికి వచ్చిన ప్రతి రైతునూ "మీ వాడికేమన్నా చూస్తా ఉండారా?" అని అడగడం ఆయనకు అలవాటు. అలా అడిగి అడిగి నాలుగు సంబంధాలు కుదిరేసరికి, దీనికీ గిరాకీ ఉందని గ్రహించి ఆఫీసు తెరిచాడు. ఆత్మకూరులో పెద్దాఫీసు, మర్రిపాడులో ఒక గది, ఉదయగిరిలో చెక్క గరిటెలు అమ్మే దుకాణం పైన ఇంకో గది. అన్నిచోట్లా కంప్యూటర్లు. పేర్లు, చదువులు, ఎత్తులు, గోత్రాలు అన్నీ ఆత్మకూరులో ఉన్న డేటాబేసులో చేరేవి. ఎవరికి ఎవరు సరిపోతారో తేల్చే రూల్స్ మాత్రం ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్లోనే ఉండేవి. నా ఖర్మంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఎందుకంటే షావుకారన్న రూల్స్ మార్చని రోజు లేదు. "అబ్బయా, పిల్లకంటే పిల్లోడు పొట్టిగా ఉంటే చూపించొద్దంట, మార్చు" అనేవాడు. నేను మర్రిపాడు పోయి, ఉదయగిరి పోయి, మార్చి, తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేలోగా, "ఆ పొట్టి రూలు తీసెయ్ రా, మర్రిపాడోళ్లు బాధపడినారు" అనేవాడు. మళ్లీ బస్సు. ఎండాకాలం ఆ మెట్ట దారిలో వేడి గాలికి మొహం కాలిపోతుంటే, లారీల వెనక దుమ్ము తింటూ ఒకనాడు నాకు జ్ఞానోదయమైంది. రూల్స్‌ని కంప్యూటర్లలో ఎందుకు పెట్టాలి, డేటాబేసు లోపలే పెడితే పోదా? డేటాబేసు అంటే వివరాలు దాచుకునే బీరువా అనుకోండి. బీరువాలోంచి కాగితాలు బయటికి తెచ్చి లెక్క తేల్చడానికి బదులు, బీరువాలోనే ఒక గుమాస్తాను కూర్చోబెడితే సరి. కాగితం లోపల పడగానే వాడే చూసి చెబుతాడు. ఒక్కచోట మారిస్తే అన్ని ఊళ్లలోనూ మారినట్టే.

అలా చేసి ఊరుకుని ఉంటే నేను సుఖపడేవాణ్ణి. కానీ షావుకారన్న నా వెనక నిలబడి స్క్రీన్ చూసి, "ఇదేందబ్బయా, ఇంగ్లీషులో ఉండాది? నా రూలు నాకే అర్థం కాకపోతే ఎట్టా? నేను తెలుగులో రాస్తా, అది చదువుకోవాల" అన్నాడు. కుర్రతనం కదా, నాకు పౌరుషం వచ్చింది. తెలుగు వాక్యాలతో నడిచే చిన్న ప్రోగ్రామింగ్ భాష ఒకటి నేనే తయారుచేసి, దాన్ని చదివి నడిపించే కోడ్‌ని డేటాబేసు లోపల కూర్చోబెట్టాను. "పిల్లోడి ఎత్తు పిల్ల ఎత్తు కంటే తక్కువ ఉంటే, కుదరదు." అని రాసి చుక్క పెడితే చాలు, గుమాస్తా చదువుకుని ఆ ప్రకారం నడుచుకునేవాడు. మొదటిసారి అది పనిచేసిన రోజు నేను బజారుకెళ్లి జిలేబీ తెచ్చి ఆఫీసులో అందరికీ పంచాను. (ఎందుకు పంచుతున్నానో చెబితే ఒక్కరికీ అర్థం కాలేదు. నాకు సంబంధం కుదిరిందనుకుని అందరూ అభినందించారు.)

షావుకారన్నకి ఆ భాష దొరికాక చేతులు నిలవలేదు. పొద్దున కాఫీ తాగుతూ ఒక రూలు, మధ్యాహ్నం కునుకు తీసి లేచి ఒక రూలు. ఒకరోజు నన్ను కేకేశాడు. "నీ డేటాబేసుకేమో అయింది, చూడు." వెళ్లి చూస్తే "పిల్లోడి తల్లి గయ్యాళి అయితే, కుదరదు." అని రాసి ఉంది. కింద నా కోడ్ "గయ్యాళి అంటే తెలియదు" అని జవాబిచ్చింది. షావుకారన్న దాన్ని అలా చూస్తూ, "గయ్యాళంటే తెలీదంట! ఎంత అదృష్టం చేసుకుని పుట్టిందిరా నీ డేటాబేసు" అని నిట్టూర్చాడు. లోపలి గదిలో, ఆయనకి అన్నం తెచ్చిన షావుకారు భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేను మెల్లగా బయటికొచ్చేశాను.

ఇక్కడ ఇంకొకరి సంగతి చెప్పాలి. ఉదయగిరి బ్రాంచీలో కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చునేది. ఊరు సీతారామపురం వైపు. బస్సులు తక్కువ కాబట్టి ఉదయగిరిలో వాళ్ల అత్త ఇంట్లో ఉండి ఉద్యోగం చేసేది. నేను పోయినప్పుడల్లా కింద దుకాణంలో గరిటెలు చెక్కుతుంటే వచ్చే చెక్కపొట్టు వాసన, పైన ఆ అమ్మాయి కీబోర్డు చప్పుడు. మా వైపు ఆడపిల్లలు మగవాడు ఎవరు కనబడినా అన్నా అంటారు. ఆ అమ్మాయీ అంతే. కరెంటు పనివాణ్ణి అన్నా అనేది, కొరియర్ తెచ్చేవాణ్ణి అన్నా అనేది, నీళ్ల క్యాన్ తెచ్చే ముసలాయన్ని కూడా అన్నా అనేది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. "వినండి, ఇది తెరుచుకోడం లేదు" అనేది. మీకిది చిన్న విషయంలా ఉండొచ్చు. మా నెల్లూరు మెట్టలో పుట్టి పెరిగినవాణ్ణడగండి, ఒక ఆడపిల్ల అన్నా అనకుండా ఆ పిలుపుని నోట్లోనే ఆపుకుందంటే దాని విలువేంటో చెబుతాడు. నేను ఆ "వినండి" కోసమే ఉదయగిరి బస్సెక్కుతున్నానని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. రూల్స్ డేటాబేసులోకి పోయి బస్సు పని తప్పాక కూడా, ఏదో వంక పెట్టుకుని పోతూనే ఉన్నాను మరి.

వాళ్ల నాయన అప్పుడప్పుడు కూతుర్ని చూడటానికి వచ్చేవాడు. వానను నమ్ముకున్న చేను, కొన్ని గొర్రెలు, కొడుకులు లేరు. మాటంటే మాటే అన్న మనిషి. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక నేను నానా తంటాలు పడేవాణ్ణి. మామా అనాలని గొంతు దాకా వచ్చేది. అంటే విషయం బయటపడుతుంది. ఇంకేదన్నా అంటే కొంప మునుగుతుంది. అందుకని దగ్గి, "వచ్చినారా, కూర్చోండి" అని సరిపెట్టేవాణ్ణి. కులం ఒకటే, గోత్రాలు వేరు, ఎత్తు సరిపోయింది, చదువు సరిపోయింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మా ఇద్దరి వివరాలూ గుమాస్తాకి ఇచ్చి చూశాను. "కుదురుతుంది" అని వచ్చింది. ఆ ఒక్క మాటని ఎంతసేపు చూశానో! నోరు తెరిచి అడిగే ధైర్యం నాకెలాగూ లేదు. మా అమ్మ నా పేరు ఎప్పుడో రాయించింది. వాళ్ల నాయన కూతురి పేరు రాయించిన రోజున కంప్యూటరే మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన చూపిస్తుంది, కంప్యూటర్ చెప్పాక ఎవరు కాదంటారు అని నా ధీమా.

ఆ రోజు వచ్చే ముందు ఒక గొడవ జరిగింది. ఆఫీసు ఒక జంటని చూపించింది. పిల్లా పిల్లాడూ ఒకరికొకరు నచ్చారు, తాంబూలాల దాకా వచ్చాక తేలిందేమంటే వాళ్లు అక్కాచెల్లెళ్ల పిల్లలు, అంటే వరసకి అన్నాచెల్లెళ్లు. ఇంటిపేర్లు వేరు కాబట్టి కంప్యూటర్ పట్టుకోలేకపోయింది. ఒక పెద్దామె కొట్టు ముందు నిలబడి షావుకారన్నని కడిగేసింది. ఆయన పరువు పోయినంత పనైంది. ఆ కోపంతో వచ్చి, తనే కూర్చుని రాశాడు. "అన్నదమ్ముల పిల్లలు అయితే, కుదరదు." "అక్కాచెల్లెళ్ల పిల్లలు అయితే, కుదరదు." "అన్నకి అన్న, అన్నే." పేరు రాయించుకునేటప్పుడు ఇప్పటికే పేర్లు ఇచ్చినవాళ్లలో మీకు ఎవరు ఏమవుతారు అని అడిగి అదీ ఎక్కించాలన్నాడు. నేను ఎక్కించే ఏర్పాటు చేశాను. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, నేను పుట్టి పెరిగింది ఇక్కడే. మా ఊళ్లలో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ఇద్దరికీ తెలుసు. అయినా మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

వధూవరుల పరిచయ వేదిక ఆత్మకూరులో ఒక కల్యాణమండపంలో పెట్టారు. షావుకారన్న పట్టుపంచె కట్టి గుమ్మంలో నిలబడ్డాడు. ఉదయగిరి, మర్రిపాడు, సీతారామపురం, అన్ని వైపుల నుంచీ జనం దిగారు. ఉదయగిరి అమ్మాయి పేర్లు ఎక్కించే బల్ల దగ్గర కూర్చుంది. వేదిక మీద పెద్ద తెర. మొదట వచ్చింది మర్రిపాడు లారీల ఆయన. "ఎవరెవరు తెలుసు?" అంటే ఆయన చుట్టూ చూసి, "అదో ఆయన మా అన్న, ఈయన మా తమ్ముడు, ఆ వెనకాయన పెద్దన్న" అని చెప్పుకుంటూ పోయాడు. తరవాత వచ్చినవాళ్లూ అంతే. ఒకే ఈడువాళ్లిద్దరు ఒకర్నొకరు అన్నా అనుకుంటారు మా వైపు. ఇద్దరూ అదే రాయించారు. అన్నకి అన్న అన్నే అన్న రూలు పట్టుకుని గుమాస్తా వీడి అన్న దగ్గరికి పోయి, ఆ అన్నకి అన్న ఎవరా అని చూస్తే మళ్లీ వీడే. అలా తిరుగుతూ తిరుగుతూ డేటాబేసు మొత్తం బిగుసుకుపోయింది. తెర మీద బొమ్మ కదల్లేదు. నేను వేదిక కింద చాప మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, ఒకసారి చూసినవాణ్ణి మళ్లీ చూడొద్దని నాలుగు లైన్లు రాశాను. కదిలింది. కదలకుండా ఉన్నప్పుడే నయమని తరవాత తెలిసింది.

లారీల ఆయన కొడుక్కి తెర మీద "వరస కుదరదు" అని వచ్చింది. ఇంకో పేరు. వరస కుదరదు. ఇంకోటి. వరస కుదరదు. షావుకారన్న పంచె ఎగ్గట్టి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఏందిరా ఇది, డివిజనంతా ఒకే కడుపున పుట్టినారా?" అన్నాడు. పక్కనున్న ఒక పెద్దాయన, "అన్నదమ్ముల మాదిరి ఉండాము అనుకున్నాం గాని, నిజంగానే అన్నదమ్ములమని ఇయ్యాలే తెలిసింది" అన్నాడు. ఒకటే నవ్వులు. షావుకారన్న మైకు పట్టుకుని భోజనాలు సిద్ధమని చెప్పేశాడు. (అప్పటికి సాంబారు ఇంకా మరుగుతూనే ఉంది.) అప్పుడు అర్థమైంది నాకు. పిలుపు వేరు, చుట్టరికం వేరు అని గుమాస్తాకి ఎవరూ చెప్పలేదు. మేము అన్నా అంటే వాడు నమ్మేశాడు.

సరిగ్గా ఆ సమయంలోనే సీతారామపురం నుంచి ఆ అమ్మాయి నాయన వచ్చాడు. ఉన్నది ఒకటే బస్సు, అందుకే ఆలస్యం. వచ్చీ రాగానే బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చుని, "రాయి మా, నీ పేరే" అన్నాడు. అమ్మాయి తన పేరు తనే టైపు చేసుకుంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. "తెలిసినోళ్లు ఎవరుండారు నాయనా?" అని అడిగింది. ఆయన తల తిప్పి నన్ను చూసి ముఖం నిండా నవ్వాడు. "ఈ అబ్బయ వాళ్ల నాయన లేడా మర్రిపాడులో, ఆయన మా అన్న. గొర్రెలు కొనను పోయినప్పుడల్లా అన్నా అంటే చాలు, తన పని మాని నాతో తిరిగేటోడు."

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. తలెత్తి నన్ను చూసింది. అంతవరకు ఎప్పుడూ అలా చూడలేదు. ఒక్క మాట చాలు. అది పిలుపే గాని చుట్టరికం కాదు, రాయొద్దు అంటే చాలు. దానికంటే ఇంకో చిన్న మాట అన్నా చాలు. నేను స్క్రీన్ వైపు చూశాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, తల దించుకుని, టైపు చేసి బటన్ నొక్కింది. నా పేరు ఎదురుగా గుమాస్తా రాశాడు: వరస కుదరదు, అన్నాచెల్లెలు.

భోజనాల వేళకి రూలు సరిచేశాను. పిలుపు వరస వేరుగా, రక్త సంబంధం వేరుగా పెట్టాను. మధ్యాహ్నం నుంచి సంబంధాలు వరదలా వచ్చాయి. షావుకారన్న మొహంలోకి రంగు తిరిగొచ్చింది. నా పేరు, ఆ అమ్మాయి పేరు కూడా పక్కపక్కన వచ్చాయి, కుదురుతుంది అని. ఆ కాగితం ప్రింటు తీసుకుని, పాయసం తింటున్న వాళ్ల నాయన దగ్గరికి పోయి, "ఇందాక తప్పు చెప్పింది. ఇప్పుడు సరిగ్గా చెప్తా ఉండాది, చూడండి" అన్నాను. ఆయన చేయి తుడుచుకుని కాగితం చదివి, మడిచి, నా జేబులో పెట్టాడు. "తప్పేముండాది అబ్బయా? మీ నాయన్ని ఇన్నేండ్లు అన్నా అని పిలిచినాను. మరిచిపోయి ఉంటి. మిషను గుర్తు చేసింది. నోటితో అన్న మాట ఒట్టి మాట అవుతాదా? నాకు కొడుకు లేడనే దిగులు ఇయ్యాల్టితో తీరింది" అని నా భుజం మీద చెయ్యేశాడు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. "అట్టనే చిన్నాయనా" అన్నాను. అన్నాళ్లు దగ్గుతో నెట్టుకొచ్చిన పిలుపు చివరికి అలా తేలింది.

తరవాత ఉదయగిరి నుంచి ఫోనొచ్చింది. "అన్నా, సర్వరు నిలబడిపోయింది" అంది. నేను సరేనమ్మా చూస్తానన్నాను. సర్వర్‌కేమీ కాలేదు, కేబుల్ ఊడింది, అంతే. అది ఫోన్లోనే చెప్పి, ఆ రోజు నుంచి ఉదయగిరికి బస్సెక్కడం మానేశాను. అంత అలసట ఆ బస్సుల్లో ఎప్పుడూ రాలేదు, ఎక్కడం మానేశాక వచ్చింది. కొన్నాళ్లకి ఆ అమ్మాయికి బద్వేలు వైపు సంబంధం కుదిరింది. వెతికిపెట్టింది నా కోడే, ఏ తప్పూ లేకుండా. పెళ్లిలో అన్న చేయాల్సిన పనులన్నీ నేనే చేశాను. ఐసు గడ్డల దగ్గర్నుంచి అరటాకుల దాకా నా నెత్తినే. నా పెళ్లి మా అమ్మ చూసిన సంబంధం. దానికి కంప్యూటర్ని ఎవరూ అడగలేదు. నా భార్య ఆ అమ్మాయిని వదినా అంటుంది, ఇద్దరూ కలిస్తే నన్ను ఆట పట్టించడమే పని.

మొన్న ఆ అమ్మాయి రెండో పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే ఉదయగిరికి పోయాం. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందుగా కత్తెర పెట్టాలి కదా, ఆ ఒడి నాదే. మంగలాయన వచ్చేదాకా గుడి మెట్ల మీద కూర్చున్నాం. చిన్నాయన కాస్త దూరంలో బంధువులకి నన్ను చూపించి, మా అన్న కొడుకని చెబుతున్నాడు. అది విని ఆ అమ్మాయి నవ్వి, "అన్నా, అడుగుదామని ఎప్పటినుంచో ఉండాది. ఆ పొద్దు నాయన మా అన్న అని చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండావు గదా. ఒక మాట అని ఉండొచ్చు గదా?" అంది.

"కంప్యూటరే చెప్తాదనుకున్నానమ్మా" అన్నాను.

"నేను నువ్వు చెప్తావనుకున్నా" అంది. అని పిల్లవాడి నోరు తుడవడంలో పడిపోయింది. ఆ మాటలో బాధ లేదు, నిష్ఠూరమూ లేదు. ఎప్పుడో తప్పిపోయిన బస్సు గురించి చెప్పుకున్నట్టు చెప్పింది, అంతే. నాకు మాత్రం ఆ వేదిక కింద చాప మీద కూర్చున్న కుర్రవాడు కనిపించాడు. వాడు బీరువాలో గుమాస్తాకి తెలుగు నేర్పించాడు, షావుకారు కోసం ఒక కొత్త భాషే తయారుచేసి ఇచ్చాడు, తన కోసం మాత్రం, ఉన్న భాషలోనే ఒక్క ముక్క అడగలేకపోయాడు. వాడి మీద కోపం రావడం లేదు ఇప్పుడు. పాపం, ఎంత కష్టపడ్డాడో అనిపిస్తుంది, నవ్వొస్తుంది.

మంగలాయన కత్తెర దులుపుకుంటూ వచ్చి, గుంపు వైపు చూసి, "మేనమామ ఎవరుమా?" అని కేకేశాడు.

"నేనే" అన్నాను, ఎవరూ నోరు తెరవకముందే.